కళ్ళు తెరిచిన ప్రార్థన

మేము చెప్పులు అంటించే షెడ్డు సముద్రానికి దగ్గర. అడుగు అట్టకు సొల్యూషన్ జిగురు పూసి ఆరబెడితే, గాలికి ఇసుక వచ్చి దాని మీద వాలేది. ఇక ఆ జత పనికిరాదు. అందుకని కిటికీలు మేమే మూసుకునేవాళ్ళం, ఒకరు చెప్పే పనిలేకుండా. లోపల ఆ జిగురు ఘాటుకు తల తిరిగితే బుగ్గన బెల్లం ముక్క పెట్టుకునేవాళ్ళం. అంత తెలివి మాది!

ముందు కాలివేళ్ళలో చీమలు పాకినట్టుండేది. తర్వాత ఆ వేళ్ళు మొద్దుబారాయి. ఆ తర్వాత చేతులు. ఒకరోజు దారిలో చెప్పు జారిపోతే ఇంటికొచ్చాక గాని చూసుకోలేదు. చెప్పులు చేసేదానికి తన కాలికి చెప్పుందో లేదో తెలియలేదంటే ఊరు నవ్వదూ?

నెల్లూరులో డాక్టరు గారు పరీక్షలన్నీ చేసి, "ఆ ఆవిరికి నరాలు దెబ్బతినుండాయమ్మా. ముందు ఆ పని మానెయ్యి. కొంత తిరిగొస్తాది, ఎంతనేది చెప్పలేను" అన్నారు. మానేశాను.

మా ఆయన పోయినప్పటి నుంచీ ఇంట్లో ఒక్కదాన్నే. అది అలవాటైపోయింది. కానీ పక్కింటామె వచ్చి చెయ్యి పట్టుకుని మాట్లాడుతున్నా, ఆ పట్టు నాకు తెలియడం లేదు. దానికి మాత్రం భయపడ్డాను. నొప్పయితే చెప్పుకోవచ్చు, ఇది ఏమని చెప్పుకోను?

మా చర్చిలో చివరి ప్రార్థనకు ఆడవాళ్ళమంతా ఒకరి చేతులొకరం పట్టుకుని కళ్ళు మూసుకుంటాం. నిజం చెప్పాలంటే, వారమంతా నేను ఎదురుచూసేది వాక్యం కోసం కాదు, ఆ చేతుల కోసం. పని మానేశాక వచ్చిన ఆదివారం, షెడ్డులో నా బల్ల దగ్గరే కూర్చునే అక్క నా పక్కన నిలబడి చెయ్యందించింది. పట్టుకున్నాను. కళ్ళు మూసుకోగానే ఆ చెయ్యి లేదు. గట్టిగా నొక్కాను. అయినా లేదు. పాస్టరు గారు రోగుల కోసం ప్రార్థిస్తున్నారు. ఉండబట్టలేక కళ్ళు తెరిచాను.

అక్క కళ్ళు అప్పటికే తెరిచి ఉన్నాయి. నా చేతిలో ఉన్న తన చేతినే చూసుకుంటోంది.

"నీకు గూడానా అక్కా?" అన్నాను గుసగుసగా.

"ఎవురికీ చెప్పబాకమ్మే. రేపు పనికి పోవాల" అంది.

నాకు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపులోనే, తోడు దొరికిందన్న పాపిష్టి సంతోషం కూడా ఉంది. ఇంతలో అందరూ ఆమేన్ అన్నారు. చేతులు వదిలేశామో లేదో తెలియక ఇద్దరం కిందికి చూసుకున్నాం.