గుండం వేడి చెప్పే కాలు

మా బావ ధర్మరాజుకి కోపం ముక్కు మీదే ఉంటుంది. టాటానగర్ పక్కన బర్మామైన్స్‌లో మా సందులో ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టనివాళ్ళు లేరు, ఆయన నోటికి భయపడనివాళ్ళూ లేరు. ముప్పై నాలుగేళ్ళు ఓ చిన్న ఫౌండ్రీలో కరిగిన ఇనుము అచ్చుల్లో పోశాడు. వాళ్ళ నాన్న మందస దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఆయనా ఇక్కడే కొలిమి ముందు బతుకు వెళ్ళదీశాడు.

"రెండు తరాల్నించి నిప్పుతోటి కాపరం సేత్తన్నాం. మా తోలే మారిపోనాది" అనేవాడు బావ, పాదం ఎత్తి చూపిస్తూ.

ఏటా అమ్మవారి సంబరంలో నిప్పుల గుండం ముందుగా తొక్కేది ఆయనే. ఇరవై రెండేళ్ళుగా అంతే. అది ఒట్టి పెద్దరికం కాదు. మొద్దులు కాలి, నిప్పులు పరిచాక, పైన బూడిద తెల్లగా ఉంటుంది కానీ కింద వేడి ఎంతుందో కంటికి తెలియదు. బావ కుడికాలు అంచున మోపి చటుక్కున తీస్తాడు. "తొక్కండి" అంటే వెనక నలభై మంది నడుస్తారు. "ఆగండి" అంటే ఆగుతారు. ఇన్నేళ్ళలో ఒక్కరి కాలూ బొబ్బలెక్కలేదు.

పోయిన ఏడాది సంబరం అయ్యాక ఆయన మాట మారింది. ఓ రోజు ఇనుప మేకు అరికాల్లో దిగితే, తెలియకుండా ఇల్లంతా తిరిగాడు. గచ్చు మీద నెత్తుటి మరకలు చూసి మా అక్క చిలకమ్మ కెవ్వుమంది. బావ కూర్చుని మేకు పీకి, నవ్వాడు.

"తోలు మారడం కాదురా సీతారాం, నాను తోల్నే దాటీసినాను. నొప్పన్నది నేదు. అమ్మ మయిమ!"

అక్క హారతి ఇచ్చింది. ముందుగా కాళ్ళ మీద పడ్డవాణ్ణి నేనే. టాటానగర్ స్టేషన్లో రైలుబండి చక్రాలని సుత్తితో తట్టి పగులు పట్టేవాణ్ణి, ఇంట్లో మనిషి కాలు సరిగ్గా చూడలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఈ ఏడాది సంబరం నాటి పొద్దున బావ మనవరాలు హాసిని వచ్చింది. నర్సింగ్ చదువుతోంది. మేకు సంగతి వినగానే బావని మంచం మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమంది.

"తాతా, ఇప్పుడు ముట్టుకున్నానా?"

"నేదు."

"ఇప్పుడు?"

"నేదంతన్నాను కదా!"

అప్పటికి ఆ పిల్ల బొటనవేలిని గోటితో గట్టిగా గిచ్చి పట్టుకుని ఉంది. దాని ముఖం పాలిపోయింది.

"తాతా, యే భక్తి నహీ హై. షుగర్ హై. నసే మర్ గయీ హై" అంది. భక్తి కాదు, చక్కెర జబ్బు, కాలి నరాలు చచ్చిపోయాయి అని. తర్వాత మా అందరికీ తెలియాలని తెలుగులో చెప్పింది. "రెండు తరాల్లో ఎవరి తోలూ మారదు తాతా. మనిషి ఒళ్ళు మారడానికి లక్షల ఏళ్ళు పడతాయి. అన్నేళ్ళు పట్టి మనకి దొరికిన కాపలాయే ఈ నొప్పి. మీరు దాన్ని దాటలేదు. పోగొట్టుకున్నారు."

బావ మంచం మీంచి లేచాడు. "నాలుగు ముక్కలు సదివీసి అమ్మనే తప్పు పడతావేటే? రేపు ఆస్పత్రికి వత్తాను. ఇయాల కాలు నాది కాదు, అమ్మది."

"ఔర్ ఆప్‌కే పీఛే జో చల్తే హై?" మీ వెనక నడిచేవాళ్ళ సంగతేమిటి అని.

బావ నా వైపు తిరిగి, "నోరెత్తినావంటే నా మీద ఒట్టు" అన్నాడు. ఎత్తలేదు. భయం వేసింది, అంతకన్నా సిగ్గేసింది. బస్తీ అంతా నమ్మినదాన్ని నేనెలా కాదంటాను?

సాయంత్రం నాలుగింటికి డప్పులు మోగుతున్నాయి. గుండం మీద బూడిద తెల్లగా ఉంది. బావ పసుపు పంచెతో ముందు నిలబడ్డాడు. ఆయన వెనకే మా సందు వెంకటరావు కోడలు బంగారమ్మ, నెత్తిన ఘటంతో. ఆమెకిది తొలి మొక్కు. లేత పాదాలు, పారాణి ఇంకా ఆరలేదు.

బావ కుడికాలు అంచున మోపాడు.

తీయలేదు. ఒక్క క్షణం, రెండు, మూడు. నాకు కమురు వాసన తగిలింది. బావ వంగి తన కాలిని చూసుకున్నాడు. అడుగు నుంచి సన్నగా పొగ వస్తోంది.

"పెద్దయ్యా, తొక్కీమంతారా?" అంది బంగారమ్మ.

డప్పులు ఆగాయి. జనమంతా ఆయన నోటి వంకే చూస్తున్నారు. ఒక్క మాట అంటే చాలు, ఇరవై రెండేళ్ళ పేరు నిలబడుతుంది. ఆపాల్సినవాణ్ణి నేను, పొద్దుటి ఒట్టు పట్టుకుని నిలబడ్డాను. ఆ క్షణాన నన్ను నేను అసహ్యించుకున్నాను.

బావ కాలు తీసి వెనక్కి తిరిగాడు.

"ఆగండి. నాకు తెల్డం నేదు."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన గొంతు పెంచాడు. "నిప్పుల ఏడి నాకు తెల్డం నేదు! అమ్మ మయిమ కాదు. నా కాలు సచ్చిపోనాది. పొద్దున్నే తెలిసినాది. సెప్పకుండా దాసినాను. వెంకట్రావూ, నువ్వు సూడు."

"అమ్మ ఒదిలీసినాది" అన్నారెవరో జనంలోంచి. మామూలుగా అయితే ఆ మాటకి చెంప పగలాల్సిందే. బావ విని, తల దించుకుని వరస పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

వెంకటరావు కాలు మోపీ మోపగానే అమ్మో అని ఎగిరి వెనక్కి గెంతాడు. ఇంకో గంటన్నర ఆగాక గానీ ఆ నిప్పులు దారికి రాలేదు. అప్పుడు బంగారమ్మ నడిచింది, వెనక అందరూ నడిచారు. ఎవరికీ ఏమీ కాలేదు.

తోలు మారిందన్నాడు, మారలేదు. తోలుని దాటానన్నాడు, అదీ లేదు. వరస ముందు నుంచి పక్కకి వేసిన ఆ రెండడుగులున్నాయే, మా బావ బతుకులో దాటినదేదైనా ఉంటే అదే. ఎవరేమనుకున్నా నాకు లెక్కలేదు.

ఆటో వచ్చేలోగా ఆయన్ని కుళాయి దగ్గర కూర్చోబెట్టాం. హాసిని నీళ్ళు పోస్తోంది. అక్క ఆయన మడమని రెండు చేతులా పట్టుకుంది. బావ కళ్ళు మూసుకున్నాడు.

"పట్టుకున్నావేటే?"

"పట్టుకునే ఉన్నాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ ఒదల్నేదు."

ఇన్నేళ్ళలో బావ ఏడవగా నేను చూడలేదు. నొప్పి లేదని ఏడ్చాడు.