డప్పు పక్కన నిలబడ్డ గిటారు

2023 వేసవి. ఈస్టర్ దాటి చర్చిల్లో పెళ్ళిళ్ళు మొదలైన రోజులు. ఖమ్మంలో నాది సంగీత వాయిద్యాల దుకాణం. దుకాణం అనగానే పెద్దగా ఊహించుకోకండి. ముందు గదిలో కీబోర్డులు, తబలాలు, గోడ నిండా గిటార్లు. వెనక గదిలో నేను, నా సోల్డరింగ్ ఐరన్, నా నడుంనొప్పి. గిరాకీలో ముప్పాతిక వంతు చర్చివాళ్ళే. సత్తుపల్లి నుంచి భద్రాచలం దాకా ఏ చర్చిలో గిటారు మోగినా దాని తీగలు ఒక్కసారైనా నా చేతుల మీదుగా మారి ఉంటాయని గొప్పలు పోతుంటాను. మా ఆవిడ ఆ మాటకి నవ్వుతుంది, అది వేరే సంగతి.

మెటల్ అనే హోరు రాక్ సంగీతం వాయించడానికి గిటారు అడిగేవాళ్ళు అరుదు. వచ్చేవాళ్ళంతా నల్ల టీషర్టు కుర్రాళ్ళు. గిటారుకి కొమ్ములు ఎంత వాడిగా ఉంటే అంత మెటల్ అనుకునే బాపతు. అందుకే ఆ మధ్యాహ్నం పసుపు రంగు చుడీదార్‌లో ఒకమ్మాయి వచ్చి "మెటల్ గిటారు కావాలె అంకుల్" అంటే తమ్ముడి కోసమేమో అనుకున్నాను.

"ఎవరికమ్మా?"

"నాకే. నా పెండ్లికి."

"ఎవరన్నా కానుకగా కొనిస్తున్నారా?"

"కానుక గాదు అంకుల్. నా పెండ్లి ఊరేగింపుల నేనే వాయిస్త."

పేరు సలోమి. అశ్వారావుపేట పామాయిల్ మిల్లులో ల్యాబ్ ఉద్యోగం. చిన్నప్పటి నుంచి చర్చిలో మామూలు గిటారు వాయిస్తోంది. మిల్లు బస్సులో మాత్రం చెవుల్లో మెటల్ మోగించుకుంటూ పోతుందట. కూర్చోమని కుర్చీ వేశాను. ఇలాంటి గిరాకీ నాకు రోజూ రాదు మరి.

టీ తాగుతూ అసలు సంగతి చెప్పింది. వాళ్ళ నాన్న యేసోబు డప్పు కళాకారుడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన డప్పు తెలియనివాళ్ళు లేరు. పెళ్ళికొడుకు సునీల్ చండ్రుగొండ దగ్గర కరెంటు లైన్‌మన్. మంచివాడు. తండ్రి లేడు, అన్నీ పెదనాన్నే చూస్తాడు. ఆ పెదనాన్న పెళ్ళిమాటలప్పుడు ఒక మాట అన్నాడు. "డీజే మాట్లాడినం. డప్పులు వద్దు. చావుకు కొట్టినట్టుంటది."

"మా నాయిన ఇంటికొచ్చి డప్పును మేకుకు తగిలేసిండు, అంతే. ఆ పెద్దాయన తండ్రి కూడా ఒకప్పుడు మా తాత పక్కన డప్పు కొట్టినోడే. ఇప్పుడేమో మా నాయినను బావా అని కూడ పిలుస్తలేడు. వియ్యంకుడైతున్నా గూడ పేరు పెట్టే పిలుస్తడు."

సలోమి ఊరుకోలేదు. సునీల్‌తో మాట్లాడి, పోట్లాడి ఒక ఒప్పందానికి తెచ్చింది. చర్చి నుంచి మెయిన్ రోడ్డు సెంటర్ దాకా నాన్న డప్పులు, తన గిటారు. సెంటర్ నుంచి డీజే. "ఆ కొంచెం దూరంలనే బాగుండాలె. నవ్వులపాలైతే మా నాయిన మళ్ళ డప్పు ముట్టడు. నాకు తెలుసు." ఆ మాట చెప్పేటప్పుడు ఆ పిల్ల నా వంక చూడలేదు, గోడకున్న గిటార్ల వంక చూసింది.

ఇక పనిలో పడ్డాం. ఆమెకు ముందు నచ్చింది కడ్డీ ఉన్న గిటారు. ఆ కడ్డీ నొక్కితే తీగలన్నీ ఒక్కసారి వదులై, శబ్దం కిందికి జారిపోతుంది. వాయించేవాళ్ళకి భలే సరదా. కానీ అందులో తీగలు స్ప్రింగుల మీద నిలబడి ఉంటాయి. ఒకటి తెగితే మిగిలినవన్నీ శ్రుతి తప్పుతాయి. "ఊరేగింపులో ట్రాక్టర్ ట్రాలీ మీద ఊగుతూ వాయిస్తావమ్మా, తీగలు ఆనే బ్రిడ్జి కదలనిది తీసుకో" అన్నాను.

"నిజమే. పెండ్లిపిల్లను, మధ్యల తీగలు మార్చుకుంట కూసోలేను గద" అంది.

తర్వాత పికప్ సంగతి. పికప్ అంటే తీగల కింద కనిపించే చిన్న పెట్టె. లోపల అయస్కాంతం, చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగితీగ. పైనున్న స్టీలు తీగ వణికితే ఆ వణుకు కరెంటుగా మారి ఆంప్లిఫయర్‌కి పోతుంది. ఒకే చుట్ట ఉంటే సింగిల్ కాయిల్. దాని గొంతు తేటగా ఉంటుంది గానీ కరెంటు రొద కూడా లాగేసుకుంటుంది. రెండు చుట్టల్ని ఒకదానికొకటి ఎదురుగా కలిపితే ఆ రొదలు రెండూ కొట్టేసుకుంటాయి. దాన్ని హంబకర్ అంటారు. మెటల్‌లో శబ్దాన్ని కావాలనే పిండి చితక్కొడతాం, దాన్ని డిస్టార్షన్ అంటారు. ఆ పనిలో రొద కూడా పెరిగిపోతుంది కాబట్టి హంబకర్ లేని గిటారును నేను మెటల్‌కి అమ్మను.

సలోమికి అంతవరకు తెలుసు. ఆమెకు కావలసింది అన్నిటికన్నా బలమైన హంబకర్. ఫోన్‌లో వీడియో చూపించింది. తెప్పించి, సోల్డర్ చేసి బిగించాను. తీగల్ని బాగా కిందికి దించి శ్రుతి చేసుకుంది. ఆంప్లిఫయర్‌లో మిడ్ అనే మీట ఉంటుంది. మనుషుల గొంతు పలికే మధ్య స్థాయి శబ్దాలు దాని చేతిలో ఉంటాయి. దాన్ని దాదాపు సున్నాకి తెచ్చి, బేస్ పెంచి, ఒక్క దెబ్బ వేసింది. షోకేసు అద్దాలు వణికాయి. గోడ మీది గిటార్లన్నీ వాటంతటవే సన్నగా మూలిగాయి. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. నాకైతే పని అయిపోయినట్టే అనిపించింది.

వారం తిరక్కుండా యేసోబన్న సలోమితో పాటు తన డప్పు జట్టులో ఇద్దరిని వెంటబెట్టుకుని ఆటోలో దిగాడు. బక్కపలచని మనిషి, తెల్ల పంచె, చంకన డప్పు. "తమ్మీ, ఈ పిల్ల నన్ను ఇంట్ల నిలువనిస్తలేదు. ఒక్కసారి కలిపి కొట్టి చూద్దమని వచ్చిన" అని కూతురి వైపు తిరిగాడు. "నీ గిటారు నా డప్పును మింగొద్దు. నా డప్పు నీ గిటారును మింగొద్దు. గంతే నేనడిగేది."

డప్పు కొట్టే ముందు కాచాలి. వేడికి తోలు బిగిసి గొంతు లేస్తుంది. నా కీబోర్డుల అట్టపెట్టెలు చించి దుకాణం ముందు మంట వేశారు. పక్క జిరాక్స్ షాపతను బకెట్‌తో నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. అతన్ని శాంతపరిచి టీ ఇప్పించేసరికి డప్పులు కంగుమనడం మొదలుపెట్టాయి.

యేసోబన్న కుడిచేతిలో లావు పుల్ల, దాన్ని సిర్ర అంటారు. ఎడమచేతిలో సన్నపుల్ల. నాలుగు దెబ్బలు వేశాడో లేదో, టమాటాల సంచితో పోతున్న ఒక ముసలమ్మ ఆగింది.

"ఎవరు పోయిండ్రయ్యా?"

సిర్ర గాల్లోనే ఆగిపోయింది. ఆయన ముఖం చూడలేక నేను మంట వైపు చూశాను.

"ఎవరూ పోలే అమ్మమ్మా. నాకు పెండ్లి" అంది సలోమి. తర్వాత తండ్రితో, "కొట్టు నాయినా" అంది.

కొట్టాడు. ఆంప్లిఫయర్‌ను గుమ్మం దగ్గరికి లాగి ఆమె కూడా వాయించింది. నా దుకాణం అద్దాలు వణికించిన ఆ శబ్దం మూడు డప్పుల పక్కన ఎటు పోయిందో తెలియలేదు. వాల్యూమ్ పెంచింది. అప్పుడు బుర్రుమని ఒకటే హోరు. అందులో సిర్ర దెబ్బ మునిగిపోయింది. యేసోబన్న చెయ్యెత్తి ఆపాడు.

"సప్పుడుంది బిడ్డా. పాట లేదు."

సలోమి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు రోషం వచ్చింది, ఎవరి మీదో చెప్పలేను. దుకాణం షట్టర్ సగం దించి, గిరాకీని తర్వాత రమ్మని, స్క్రూడ్రైవర్ తీసుకుని రోడ్డు మీదే కూర్చున్నాను.

గదిలో ఒంటరిగా వాయించుకునేటప్పుడు మిడ్ తీసేస్తే శబ్దం బలంగా, బొద్దుగా ఉంటుంది. పక్కన ఇంకో వాయిద్యం చేరితే గిటారు వినబడేది ఆ మిడ్‌లోనే. దాన్ని పెంచి, బేస్ తగ్గించి, డిస్టార్షన్ సగానికి తెచ్చాను. డప్పుకి లావు గొంతు ఎలాగూ ఉంది, గిటారు కూడా అక్కడే దూరితే ఇద్దరికీ చోటు చాలదు. అందుకే తీగల శ్రుతిని మళ్ళీ మామూలు స్థాయికి లేపించి, అన్నిటికన్నా లావు తీగ ఒక్కదాన్నే ఒక మెట్టు దించమన్నాను. దాన్ని డ్రాప్ డి అంటారు. పికప్ స్క్రూలు తిప్పి తీగలకు కాస్త దూరం చేశాను. కొంచెం మెరుగైంది.

ఇంకా ఏదో అడ్డం పడుతోంది. యేసోబన్న మెల్లగా కొడితే ఒకలా, గట్టిగా కొడితే ఒకలా పలుకుతోంది డప్పు. గిటారులో మాత్రం ఎలా కొట్టినా ఒకటే అరుపు. అంత బలమైన పికప్ అన్ని దెబ్బల్నీ ఒకే ఎత్తుకి నొక్కేస్తుంది. లోపలికెళ్ళి దాన్ని ఊడదీసి, సొరుగులో ఉన్న మధ్యరకం హంబకర్ బిగించాను. ఎవరో ఇంకో వీరుడు బలం చాలలేదని పీకించేసుకున్నది.

"ఇది మెటలేనా అంకుల్?" అంది సలోమి అనుమానంగా.

"మెటల్ నీ చేతిలో ఉండాలి తల్లీ, పెట్టెలో ఏముంది? కొట్టు."

అరచేతి అంచు తీగల మీద ఆనించి, గొంతు నొక్కిపట్టి వాయించింది. దీన్ని పామ్ మ్యూట్ అంటారు. దక్, దక్, దక్ అంటూ డప్పు వదిలిన సందుల్లో గిటారు పడింది. యేసోబన్న కనుబొమలు లేచాయి. వరస మార్చాడు, ఆమె పట్టుకుంది. మళ్ళీ మార్చాడు. సన్నపుల్ల చిటపట వినబడుతోంది, గిటారు గుర్రు వినబడుతోంది. జట్టులో ఇద్దరూ ఎగురుతూ కొట్టారు. జిరాక్స్ అతను ఖాళీ బకెట్ బోర్లించి దాని మీద వాయించాడు. ముసలమ్మ టమాటాల సంచి పక్కన పెట్టి నా మెట్టు మీద కూర్చుంది.

"పెండ్లి ఎప్పుడు బిడ్డా?" అని అడిగింది డప్పులు ఆగాక. తండ్రీకూతుళ్ళు నాతో పాటు ఆమెకీ శుభలేఖ ఇచ్చి వెళ్ళారు.

పెళ్ళికి నేనూ మా ఆవిడా వెళ్ళాం. సలోమి తెల్లచీర మీద గిటారు బెల్టు, బెల్టు మీద పూలదండ. ట్రాలీలో జెనరేటర్, ఆంప్లిఫయర్. పెళ్ళికొడుకు కోటు విప్పేసి జెనరేటర్ దగ్గర గొంతుక్కూర్చుని ఎర్తింగ్ సరిచూస్తున్నాడు. లైన్‌మన్ మరి! జెనరేటర్ పక్కనే ఉన్నా గిటారులో కరెంటు రొద లేదు. హంబకర్‌కి మనసులోనే దండం పెట్టుకున్నాను.

పెదనాన్న అందరికన్నా ముందు నడుస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, బిగుసుకున్న ముఖం. వెనక్కి ఒక్కసారి కూడా చూడలేదు. వాకిళ్ళలోకి జనం వచ్చారు. పిల్లలు ట్రాలీ వెంట పరిగెత్తారు. సెంటర్‌లో డీజే బండి సిద్ధంగా ఉంది. అక్కడికి రాగానే పెదనాన్న వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు.

యేసోబన్న ఆపేశాడు. సలోమి తీగల మీద చెయ్యి ఆనించింది. జెనరేటర్ చప్పుడు ఒక్కటే మిగిలింది.

"ఎందుకాపినవ్ బావా?" అన్నాడు పెదనాన్న. "ఆపుమన్లే. జర మెల్లగ నడువుమంటున్న. ముసలోల్లు వెనకబడుతున్నరు."

యేసోబన్న చేతిలోని సిర్ర వంక చూసుకున్నాడు. "అవ్ బావా" అని, మెల్లగా మొదలుపెట్టాడు. గిటారు ఆయన వెంట నడిచింది. డీజే కుర్రాడు సోడా తాగుతూ మా వెనకే వచ్చాడు. ఇల్లు చేరేదాకా అతనికి పని పడలేదు. మా ఆవిడ నా పక్కన కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదని అబద్ధం చెప్పను.

ఆ పెళ్ళి తర్వాత నా దుకాణంలో ఒక పద్ధతి మారింది. మెటల్ గిటారు కావాలని ఎవరొచ్చినా పికప్ మాట చివర్లోనే. ముందు అడిగేది, "ఎవరి పక్కన నిలబడి వాయిస్తావు?" అని. గదిలో ఒక్కణ్ణే అంటారు చాలామంది. అలాంటివాళ్ళ కోసం గిటార్ల మధ్య ఒక పాత డప్పు తగిలించాను, యేసోబన్న ఇచ్చిందే. వాళ్ళు గిటారు వాయిస్తుంటే నేను ఆ డప్పు కొడతాను. అధ్వాన్నంగా కొడతానని మా ఆవిడ అంటుంది. మొన్న అలాగే కొడుతుంటే దారిన పోయే ఒకాయన ఆగి, తల లోపలికి పెట్టి అడిగాడు.

"ఎవరి పెండ్లన్నా?"