నీలయ్యకు నేను చేసిన శుభ్రత

పోయిన నెల మా ఇంట్లో ఒక ప్రాణం నా చేతుల మీదుగా పోయింది. కోపంతో కాదు, అజాగ్రత్తతో అసలే కాదు. శుభ్రతతో. నవ్వాలనిపిస్తే నవ్వండి, మా ఫ్యాక్టరీలో అందరూ నవ్వారు.

బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పండ్లు కడిగే సెక్షన్‌కు నేను సూపర్‌వైజర్ని. చదివింది ఏడో తరగతి. ఇన్నేళ్ళుగా నా పని ఒకటే, మురికి కనబడితే వదలకపోవడం. క్రేట్లు, తొట్లు, బెల్టులు షిఫ్ట్ మారేటప్పుడల్లా బ్లీచింగ్ నీళ్ళతో కడిగిస్తాను. వేలు పెట్టి రుద్ది చూస్తాను. జారితే మళ్ళీ కడగాల్సిందే. ఇంట్లోనూ నేనంతే. నాలుగున్నరకు లేస్తాను. శనివారం ఒక్కపొద్దు ఉంటాను. అబద్ధం ఆడను, ఆడేవాళ్ళను దగ్గరికి రానివ్వను. గొప్పకు చెప్పడం లేదు, ఇవి తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

మా ఆవిడ పేరు నిర్మల. నిరుడు వాళ్ళమ్మ పోయాక ఆమె మాట్లాడటం మానేసింది. వంట చేసేది, బట్టలు ఉతికేది, అడిగితే ఊ అనేది. నాలుగు నెలలు అంతే. పుట్టినవాళ్ళు గిట్టక తప్పదని చెప్పాను. పొద్దున్నే లేచి నడవమని చెప్పాను. ఏదీ పనిచేయలేదు. చివరికి ఎదురింటి టీచరమ్మ ట్రాన్స్‌ఫరై పోతూ ఒక గాజు తొట్టిని, అందులో ఒక నీలం చేపను మా ఇంట్లో పెట్టిపోయింది. దాన్ని బెట్టా అంటారట, షాపుల్లో ఫైటర్ అంటారు. బొటనవేలంత ఒళ్ళు, పట్టుపావడా లాంటి తోక. నిర్మల దానికి నీలయ్య అని పేరు పెట్టింది. వారం తిరక్కుండా దానితో మాట్లాడటం మొదలుపెట్టింది. తర్వాత నాతో. వరుసలో చేప వెనకాల నిలబడినందుకు నాకేమీ బాధ లేదు. ఇంట్లో మాట వినిపించింది, అదే చాలనుకున్నాను.

పోయిన నెల పులికాట్ వైపు ఉండే వాళ్ళక్కకు తిరుపతిలో ఆపరేషన్ అయింది. తోడుగా పది రోజులు ఉండి రావడానికి నిర్మల బయలుదేరింది. పోయేముందు నన్ను తొట్టి ముందు నిలబెట్టి అన్నీ చెప్పింది. పొద్దున రెండు మేత గింజలు, సాయంత్రం రెండు. నాలుగు రోజులకొకసారి పావు వంతు నీళ్ళు తీసి, ఒక రోజంతా బకెట్లో నిలవ పెట్టిన నీళ్ళు పోయాలి. రాళ్ళు ముట్టకూడదు. అడుగున ఉన్న ఎండు బాదం ఆకు తీయకూడదు. బస్సెక్కుతూ మళ్ళీ అంది:

"నువ్వేమీ చేయొద్దయ్యా. ఊరికే సూస్తా ఉండు, సాలు."

ఊరికే చూడటం నాకు చేతకాదు. ఆ సాయంత్రమే తొట్టిలో వేలు పెట్టి రాళ్ళు రుద్దాను. జిగురు. నీళ్ళు టీ డికాషన్ రంగులో ఉన్నాయి. ఆకు కుళ్ళుతోంది. ఇలాంటి తొట్టి మా సెక్షన్‌లో కనబడితే షిఫ్ట్ మొత్తాన్ని నిలబెట్టి అడుగుతాను. పాపం, దుఃఖంలో ఆమెకు శుభ్రత పట్టలేదనుకున్నాను. నీలయ్యను గ్లాసులోకి మార్చాను. ఆకు పారేశాను. రాళ్ళు, తొట్టి బ్లీచింగ్ పౌడర్‌తో తోమి, కుళాయి నీళ్ళు నిండా పట్టాను. గాజు మీద వేలు రుద్దితే కీచుమంది. ఆ చప్పుడు నా చెవికి గుడిగంట.

అప్పటినుంచి రోజూ ఇదే పని. శనివారం వస్తే నాతోపాటు దానికీ ఉపవాసం పెట్టాను.

నాలుగో రోజుకు నీలయ్య అడుగున పడుకున్నాడు. రెక్కలు మడిచిన గొడుగులా ఒంటికి అంటుకున్నాయి. తోక అంచు నిప్పు తగిలిన గుడ్డలా నల్లబడి చినిగింది. ఉండి ఉండి పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి, మళ్ళీ మునిగిపోతున్నాడు. బద్ధకం అనుకున్నాను. ముద్దు చేసేవాళ్ళు ఊళ్ళో లేకపోతే అసలు గుణం బయటపడుతుంది కదా. గాజు మీద తట్టి, పని చేయకుండా తినే ఒంటికి ఇంతకంటే ఏమొస్తుందని బుద్ధి చెప్పాను. అవును, చేపకే చెప్పాను.

ఫ్యాక్టరీలో నా కింద క్రేట్లు మోసే మునిరత్నంతో ఈ సంగతి అంటే, వాడు క్రేటు కూడా దించకుండా జవాబిచ్చాడు.

"నీ కింద ఉండే ప్రాణులన్నీ అట్లనే పండుకుంటాయప్పా. మేమంటే జీతం కోసం లేస్తాం. దానికేముండాది?"

ఆ సాయంత్రం నిర్మల వీడియో కాల్ చేసింది. నీలయ్య ఎట్లుండాడని అడిగింది. బాగుండాడని నా నోరు చెప్పింది. నేను చెప్పలేదు, నోరే చెప్పింది. ఒకసారి చూపించమంది. ఫోన్లో కెమెరా పనిచేయడం లేదన్నాను. ఆ మాట అంటున్నంతసేపూ నా ముఖం ఆమెకు స్పష్టంగా కనబడుతూనే ఉంది. అలవాటు లేని పని అట్లాగే ఉంటుంది. ఆమె సరేనని పెట్టేసింది.

మర్నాడు సెలవు పెట్టి, నీలయ్యను టిఫిన్ క్యారియర్ గిన్నెలో వేసుకుని చిత్తూరు పోయాను. రంగుచేపల షాపులో ఒక నడివయసు ఆమె ఉంది. మూత తీసి, చేపను చూడకముందే వాసన చూసింది.

"ఏమన్నా, చేపను తెచ్చినావా, బట్టలు నానబెట్టి తెచ్చినావా?"

చేసిందంతా చెప్పాను. మొదట సగం గర్వంగానే చెప్పాను. ఆమె ముఖం చూశాక గొంతు తగ్గింది. ఆ జిగురు మురికి కాదట. చేప విసర్జించే విషాన్ని తినేసే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయట. ఆ ఆకు రంగు చేపకు మందట. నేను రోజూ మందును పారేసి, కాపలావాళ్ళను చంపి, బ్లీచింగ్‌తో మొప్పలు కాల్చానట. కాలిన చోట కుళ్ళు పట్టింది. నేను చేసినవాటిలో సరైనది శనివారం ఉపవాసం ఒక్కటేనట. ఈ జాతికి తిండి ఎక్కువైతే కడుపు ఉబ్బుతుంది, వారానికొక రోజు పస్తు మంచిదే. బతుకుతుందా అని అడిగాను. తోక ఒక్కటే అయితే మళ్ళీ పెరుగుతుంది, మొప్పలు కాలి ఉంటే చెప్పలేనంది. విడిగా ఒక టబ్బు, నిలవ నీళ్ళు, నాలుగు లీటర్లకు ఒక చిన్న చెంచా అయోడిన్ లేని ఉప్పు, ఒక ఎండు బాదం ఆకు. రోజూ కొంచెం నీళ్ళు మార్చాలి. కడగడం మాత్రం వద్దంది.

అక్కడితో ఇంటికి వచ్చి ఉంటే నేను మంచివాడిగానే మిగిలేవాణ్ణి. గోడ వెంట చిన్న చిన్న సీసాలు, సీసాకొక ఫైటర్ చేప. మూడోదానిలో అచ్చం నీలయ్య. అది కావాలన్నాను. ఎందుకంది. తోడుకన్నాను. రెండు మగవాటిని ఒకచోట వేస్తే ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి, అందుకే గదా విడివిడిగా పెట్టింది అంది. నేను నేల చూశాను. ఆమెకు అంతా అర్థమైపోయింది.

"ఇంటామె కనుక్కోదనుకుంటివా అన్నా? నిన్ను తీసి ఇంకొకర్ని కూర్చోబెడితే ఒకటి రెండు దినాలు పట్టొచ్చు. చేపనైతే గడపలోనే పట్టేస్తాది."

అయినా కొన్నాను.

ఇంటికొచ్చి నీలయ్యను బాత్రూంలో, డ్రమ్ములో నిలవున్న నీళ్ళు పోసిన టబ్బులో పెట్టి వైద్యం మొదలుపెట్టాను. కొత్తదాన్ని అవే నీళ్ళు పోసిన తొట్టిలో వదిలాను. నీలయ్య కోలుకుంటే మార్చేస్తాను, లేకపోతే ఎవరికీ తెలియదు. నా బతుకులో ఇంత పకడ్బందీగా దేన్నీ ఆలోచించలేదు. మర్నాడు మధ్యాహ్నం నిర్మల దిగింది. నాలుగు రోజుల ముందే. కెమెరా మాట విన్నప్పటినుంచి కుదురుగా ఉండలేకపోయిందట. చెప్పులు కూడా విప్పకుండా తొట్టి దగ్గరికి పోయింది.

"ఇదెవరు?" అంది.

నీలయ్యే అన్నాను.

"వాడు యాడ?"

బాత్రూం వైపు చేయి చూపించాను.

నాలుగు రోజులు ఆమె ఆ టబ్బు పక్కనే గడిపింది. షాపు ఆమె చెప్పినవన్నీ నా దగ్గర అడిగి తెలుసుకుని తూచా తప్పకుండా చేసింది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తిండి సహించేది. అయిదో రోజు పొద్దున నీలయ్య ఆకు మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. ఆమె కరివేపాకు చెట్టు మొదట్లో గుంట తీసి పూడ్చిపెట్టింది. ఆ తర్వాత ఇంట్లో మాట లేదు. వంట, బట్టలు, ఊ. పోయినసారి ఆమె నోరు మూయించింది చావు. ఈసారి నేను. అప్పుడు చెప్పడానికి నా దగ్గర నీతులు ఉన్నాయి. ఈసారి ఒక్కటీ నోటికి రాలేదు.

మూడు రోజులు చూశాను. నాలుగో రోజు కొత్త చేపను సీసాలోకి పట్టి, షాపులో తిరిగి ఇచ్చేద్దామని చెప్పులేసుకున్నాను. దాని ముఖం చూడాలంటేనే నాకు సిగ్గుగా ఉంది.

"యాడికి?" అంది వెనకనుంచి.

తిరిగిచ్చేస్తానన్నాను.

"దానిదేమి తప్పుండాది? తెచ్చింది నువ్వు. నీ అబద్ధాన్ని నువ్వే సాకుకో."

సీసా తెచ్చి మళ్ళీ తొట్టి దగ్గర పెట్టాను. ఆమె కుర్చీ లాక్కుని నా వెనక కూర్చుంది. ఆకు అట్లా కాదు ఇట్లా అంది. నీళ్ళు మెల్లగా పోయమంది. చేయి తీయమంది. నా చేయి మీద ఆమెకు ఇప్పటికీ నమ్మకం లేదు. ఆ రోజునుంచి రెండు పూటలా అదే కుర్చీ, అదే తిట్లు. నేను తలవంచుకుని వింటాను. తొట్టిలో జిగురు పెరుగుతోంది, నీళ్ళు డికాషన్ రంగుకు తిరిగాయి. నా అబద్ధం మాత్రం మిసమిసలాడుతోంది, ఒక్క రెక్క చినగలేదు. మొన్న మునిరత్నం ఇంటికి వచ్చి తొట్టి ముందు చాలాసేపు నిలబడిపోయాడు. ఏం కళప్పా, ఏం నిగనిగప్పా, ఇట్లాంటిది నేను యాడా సూడలేదన్నాడు.

నేను చెప్పిన నిజాల్లో ఏ ఒక్కదాన్నీ ఇంతవరకు ఎవరూ అట్లా మెచ్చుకోలేదు.