మొదటి మెయిల్ ఆవిడకే

వీధిలో అందరూ ఆయన్ని మెయిళ్ళాయన అంటారు. దుకాణాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టి, కొనేవాళ్ళకు వాటి తరఫున మెయిళ్ళు పంపడం ఆయన పని. అది చాలదన్నట్టు తోటి డిజైనర్లకు వారం వారం ఉచిత సలహాలు కూడా పంపుతాడు, అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ. "ఒక మెయిల్‌లో ఒక్క విషయమే చెప్పండి. బటన్ ఒక్కటే పెట్టండి. అందరికీ పంపే ముందు, మీ పని తెలియని మనిషికి ఫోన్‌లో చూపించండి" అంటాడు.

ఆయనకు ఆ మనిషి భార్య. ముందుగదిలో కూర్చుని ఆయన రాసిన ప్రతి మెయిలూ మొదట వంటింట్లో ఆవిడ ఫోన్‌కే వెళ్ళేది. ఆవిడ గరిటె పక్కన పెట్టి చూసి, అక్కడి నుంచే కేకేసేది.

"ఇంతకీ కొనమంటారా, వద్దంటారా? నాకైతే అంతుపట్టలేదు!"

ఆయన ఉడుక్కునేవాడు, గొణుక్కునేవాడు, చివరికి మార్చేవాడు. మార్చిన ప్రతిసారీ అమ్మకాలు పెరిగేవి. ఆ సంగతి చెబితే ఎక్కడ నెత్తికెక్కి కూర్చుంటుందోనని ఆవిడకు చెప్పేవాడు కాదు.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడ మాట చెవిన పెట్టలేదు.

"అక్షరాలు మరీ చిన్నవండీ."

"అది డిజైన్. నీకర్థం కాదులే."

అలా రెండేళ్ళు నడిచింది. తరవాత ఆవిడ ఆ మాట మానేసింది. అసలు వంక పెట్టడమే మానేసి, ఏది పంపినా "బాగుందండీ" అనేది. తన చేతికి పనితనం వచ్చేసిందని ఆయన పొంగిపోయాడు. ఆ వారం సలహాల్లో అదే రాశాడు కూడా: వంకలు ఆగిపోయాయంటే మీ డిజైన్ కుదిరినట్టే.

మొన్న దుప్పట్ల కొట్టాయన ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, తగ్గింపు ఉందని అందరికీ చాటావు బానే ఉంది. నొక్కడానికి బటనేదీ?"

తెరిచి చూస్తే తెల్లటి మెయిల్ మీద బటన్ కూడా తెల్లగానే ఉంది. మధ్యలో ఖాళీ జాగా తప్ప ఏమీ కనిపించడం లేదు. పొద్దున ఆవిడ ఇదే చూసి, "బటన్ భలే ఉందండీ" అంది.

దిద్ది, క్షమాపణతో మళ్ళీ పంపాడు. తరవాత, కనిపించని బటన్ ఆవిడకెలా కనిపించిందా అని ఆలోచనలో పడ్డాడు. భయపడాల్సిన సంగతని తెలుస్తోంది గానీ భయం రావడం లేదు. మనసంతా తిమ్మిరెక్కినట్టుంది. ఈమధ్య ఆవిడ గ్లాసు అందుకునే ముందు బల్ల తడుముకోవడం గుర్తొచ్చింది. ఆయన అది చూస్తూనే ఉన్నాడు, చూసి ఊరుకున్నాడు.

ఏమీ రాయని మెయిల్ ఒకటి ఆవిడకు పంపాడు. వంటింట్లో ఫోన్ మోగింది.

"చూశావా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"బాగుందండీ. రంగులు కూడా బాగా కుదిరాయి."

ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళాడు. ఆవిడ ఫోన్‌ని ముక్కుకి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని ఉంది.

"అందులో ఏమీ లేదు" అన్నాడు.

ఆవిడ ఫోన్ దించేసింది. "ఎదురుగా చూస్తే మసకండీ. పక్కనుంచి కాస్త తెలుస్తుంది."

"నాకెందుకు చెప్పలేదు?" అడగాలి కాబట్టి అడిగాడు. గొంతులో కోపం కూడా లేదు.

"చెప్పాను కదండీ. అక్షరాలు చిన్నవని రెండేళ్ళు చెప్పాను." ఫోన్ పక్కన పెడుతూ అంది, "ఇంకా చెబితే మొదటి మెయిల్ వేరే ఎవరికైనా పంపుతారేమో అనిపించింది."

పొయ్యి మీద కూర అడుగంటుతోంది. ఏం చెయ్యాలో తోచక ఆయన పొయ్యి ఆపేశాడు.

కంటి డాక్టరు లైటు వేసి రెండు కళ్ళూ చూసింది. ముందే వచ్చుంటే చాలావరకు ఆపగలిగేవాళ్ళమని, పోయిన చూపు తిరిగి రాదని, మిగిలింది కాపాడుకుందామని చెప్పింది. ఆయన అన్నిటికీ తలూపాడు. దారిలో ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు గానీ ఏడుపు రాలేదు.

ఆ వారం అన్ని మెయిళ్ళలోనూ అక్షరాలు పెద్దవి చేశాడు. ఎప్పుడూ పలకనివాళ్ళు కూడా జవాబులు రాశారు, ఇప్పుడు చదవడానికి హాయిగా ఉందని. అవన్నీ ఒక్కొక్కటే ఆవిడకు చదివి వినిపించాడు.

"బాగుందండీ" అంది ఆవిడ.