పక్కింటి టామీ నిగనిగలు

కిందటేడు నందిగామలో మా రాజాకీ, పక్కింటి సుజాత వాళ్ళ టామీకీ ఒకేసారి ఒంటినిండా చీముపొక్కులొచ్చాయి. రెండు కుక్కలకీ ఒకే డాక్టరు, ఒకే యాంటీబయాటిక్ మాత్రలు. "ఇవాళ మాత్ర వేశారా అక్కా?" అని సుజాత రోజూ గోడ మీదుగా అడుగుతుంటే గొప్పలు పోతోందనుకున్నాను. నెల తిరిగేసరికి టామీ నిగనిగలాడింది. రాజా మళ్ళీ గోక్కోవడం మొదలుపెట్టాడు.

కుళ్ళు ఆపుకోలేక, పశువుల ఆసుపత్రికెళ్ళి అందరి ముందూ అడిగేశాను. "వాళ్ళకి మంచి మందిచ్చి, మాకు నాసిరకం ఇచ్చారాండీ?"

"మాత్రలన్నీ వేశారామ్మా?" అన్నారు డాక్టరు.

"వారానికే తగ్గిందండి. మళ్ళీ వస్తే పనికొస్తాయని మిగతావి ఫ్రిజ్‌లో దాచా."

"మూడు వారాలు వెయ్యమన్నానుగా! మధ్యలో ఆపబట్టే తిరగబెట్టింది."

అందరూ నవ్వారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఈసారి మాత్రలన్నీ వేశాను. రాజాకి నయమైంది. అయినా టామీ బొచ్చే ఇంకా ఎక్కువ మెరుస్తోందేమోనని రోజూ గోడ మీంచి తొంగిచూస్తూనే ఉన్నాను.