లేడీస్ లైను

రాజాం నుంచి సాయంత్రం బస్సులో నిలబడి వచ్చిన రోజున నా చెయ్యి దారంతా కిటికీ ఊచ మీదే ఉంటుంది. ఇంటికొచ్చి ఆ అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుంటే తడి ఇనుము, చెమట, ఎవరిదో కొబ్బరినూనె కలిసిన వాసన వస్తుంది, సబ్బు పెట్టి రుద్దినా ఒక పట్టాన వదలదు. వేరేవాళ్లకి ఆ వాసనతో బస్సే గుర్తొస్తుందేమో గానీ నాకు మాత్రం విజయనగరంలో మా వీధి చివర ఉండిన సినిమా హాలు, ఆ హాలు పక్క సందులో గోడకీ ఇనుప కటకటాలకీ మధ్య ఒక్క మనిషి మాత్రమే పట్టేంత ఇరుకైన ఆడవాళ్ల లైను గుర్తొస్తాయి, వెంటనే ఒళ్లు మండుతుంది. చిన్ననాటి సంగతులు తలుచుకుంటే మనసు చల్లబడుతుందని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లని ఆ సందులో ఎండలో ఒక పూట నిలబెట్టి, అప్పుడు రాయమనాలి.

ఇది పదేళ్లు దాటిన మాట. సినిమా టికెట్లు మా వీధివాళ్ల ఫోన్లలోకి ఇంకా రాలేదు, ఎవరో ఒకరు వెళ్లి నిలబడి తేవలసిందే. నాన్న జూటు మిల్లుకి వెళ్లి సాయంత్రానికి చొక్కా నిండా పీచుతో తిరిగొచ్చేవాడు, అమ్మ వాకిట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది, అన్నయ్య రమణ ఇంటరు తప్పి మళ్లీ కడతానంటూ మా హీరో అభిమాన సంఘంలో పెద్దమనిషిగా తిరిగేవాడు, నేను తొమ్మిదో తరగతి. ఆ హీరో పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్లలో సగం మంది చదవడం మానేస్తారు, మిగతా సగం మంది వాళ్లతో తగువు పెట్టుకుంటారు.

ఆ ఏడాది ఆ హీరో కొత్త సినిమా పాటలు వేసవిలోనే వచ్చేశాయి. పనసతొనల వాసన ఇంటి నిండా కమ్ముకుని, ముంజెల బండి వీధిలోకి రాగానే పిల్లలందరం గిన్నెలు పట్టుకుని పరిగెత్తే రోజులవి. అన్నయ్య మెమరీ కార్డులో పాటలన్నీ ఎక్కించుకొచ్చాడు, వాడు స్నానానికి వెళ్లినప్పుడల్లా ఆ ఫోను తీసి చెవికి ఆనించుకుని, నీళ్ల చప్పుడు ఆగేదాకా వినేదాన్ని. చిన్న స్పీకరు, పైగా పగిలిన గొంతు, అయినా ఏ పాటలో వయొలిన్లు ఎక్కడ ఆగి డప్పు ఎక్కడ మొదలవుతుందో, కోరస్ ఆడవాళ్లు ఎక్కడ ఊపిరి పీల్చుకుంటారో నాకు తెలుసు. అన్నయ్యకి పల్లవి దాటి ఒక్క ముక్క వచ్చేది కాదు. స్నేహితులు అరుగు మీద చేరి పాట అందుకున్నప్పుడు లోపలికి కేకేసేవాడు.

"ఒసే పైడీ, ఆ రెండో సరణం ఏటే?"

నేను అంట్ల దగ్గర నుంచే పాడి వినిపించేదాన్ని. వాడు దాన్ని అరుగు మీద ఎత్తుకుంటే, అబ్బ, మొత్తం పాట కంఠతా పట్టేశాడ్రా అని స్నేహితులు వీపు తట్టేవాళ్లు. గిన్నెకి పట్టిన మాడు గీకుతూ ఆ మెప్పు నేను ఎన్నిసార్లు విన్నానో.

సినిమా దసరాకి విడుదలన్నారు. వానలు వెనక్కి తగ్గి, పైడితల్లమ్మ సిరిమాను పండగ కోసం ఊరంతా సున్నాలు వేసుకుంటూ, కోట చుట్టూ బొమ్మల దుకాణాలు, జీళ్ల దుకాణాలు లేస్తున్న వేళ, మా ఇంట్లో నాకు కాగితాలు చింపే పని మొదలైంది. హీరో తెర మీదికి రాగానే గాల్లోకి విసరడానికి సంచులకొద్దీ ముక్కలు కావాలి, అవి చింపడం ఆడపిల్లల పని అని ఎవరు నిర్ణయించారో తెలియదు గానీ ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ అక్కలో చెల్లెళ్లో ఆ పనే చేస్తుండేవాళ్లు. ముక్క పెద్దదైతే ఎగరకుండా ధబ్బున పడిపోతుంది, మరీ చిన్నదైతే చెమటకి చేతికే అంటుకుంటుంది, రంగుల పేపరు బరువెక్కువ. అందుకని నా పాత నోట్సులు బయటికి తీసి, బొటనవేలి గోరంత ముక్కలుగా చింపి, బియ్యపు సంచిలో కుక్కేదాన్ని.

"అంట్లు తోమమంటే సేతులు నొప్పులంటాది, కాయితాలు సింపడానికి మాత్రం నొప్పి నేదు గుంటకి," అని అమ్మ మిషను తొక్కుతూ సణిగేది. ఆ అమ్మే, కటౌట్‌కి పోయడానికి అన్నయ్య టీ పాలు ఎత్తుకుపోతే నవ్వి ఊరుకుంది, ఆ పొద్దున్న నాన్న డికాక్షను తాగి మిల్లుకి వెళ్లాడు.

ఇక టికెట్ల సంగతి. మగవాళ్ల లైను అంటే యుద్ధమే, తెల్లారకముందే మొదలై, కౌంటరు తెరిచేసరికి ఒకడి భుజాల మీద ఒకడు ఎక్కి, చొక్కాలు చిరిగి, లాఠీలు తగిలి, చివరికి సగం మందికి టికెట్లు దొరకవు. ఆడవాళ్ల లైను పొట్టిది, పోలీసులు కూడా అటు రారు. అందుకని అభిమానులంతా ఇంట్లో ఉన్న ఆడమనిషిని పట్టుకొచ్చి ఆ సందులోకి తోసేవారు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలు, పొగచుట్ట కొంగులో దాచుకున్న ముసలమ్మలు, చంటిబిడ్డని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకునే తల్లులు, స్కూలు డ్రెస్సులో నాలాంటివాళ్లు, కటకటాలకి చెంపలు ఆనించి నిలబడేవాళ్లం. చిల్లు లాంటి కిటికీలోంచి టికెట్లు తీసి బయట కాచుకున్న మగవాళ్ల చేతుల్లో పెట్టి ఇళ్లకి వెళ్లి వంట చూసుకునేవాళ్లం. మొదటిరోజు మొదటి ఆటకి ఆ లైన్లో నిలబడ్డ మా ఇంతమందిలో లోపలికి వెళ్లి ఆ ఆట చూడబోయేవాళ్లు ఒక్కరూ ఉండేవారు కాదు. ఆ అన్యాయాన్ని ఎవరూ అన్యాయం అనుకునేవారు కాదు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నాకు కావలసింది ఒక్కటే. పగిలిన స్పీకరులో విన్న ఆ డప్పు హాల్లో పెద్ద బాక్సుల్లోంచి వస్తే గుండెల్లో ఎలా మోగుతుందో, హాలంతా లేచి నిలబడినప్పుడు నా చేత్తో నేను చింపిన ముక్కలు నేనే విసిరితే ఎలా ఉంటుందో చూడాలి. రెండో వారం, మూడో వారం కాదు, మొదటి ఆటకే. అన్నయ్యని వారం రోజులు వెంటపడి అడిగాను. చివరికి వాడు మెత్తబడ్డాడు.

"సరేలేయే, ఈసారి నిన్ను కూడా తీసుకెల్తాను. అమ్మతోడు. నువ్వు లైన్లో నిలబడి నాలుగు టిక్కట్లు తియ్యి సాలు."

నాలుగంటే వాడికి, వాడి స్నేహితులిద్దరికి, నాకు. ఆ రాత్రి పసుపురంగు పంజాబీ డ్రెస్సు ఇస్త్రీ చేసుకున్నాను, కనకాంబరాలు తడిగుడ్డలో చుట్టి పెట్టుకున్నాను, పొద్దున్నే అమ్మ పెట్టిన చోడి అంబలి గిన్నెలోనే వదిలేసి పరిగెత్తాను. ఊళ్లో పండగ జనం, హాలు ముందు డప్పులు, కటౌట్ మెడలో ఏనుగు మోయలేనంత దండ. లైన్లో నా వెనక పెద్దావిడ మోచెయ్యి పక్కటెముకల్లో గుచ్చుకుంటున్నా కదల్లేదు. కిటికీలోంచి నాలుగు టికెట్లూ చేతికొచ్చినప్పుడు అవి చెమటకి తడవకుండా చున్నీ కొసలో ముడేసుకుని, కాగితాల సంచి చంకలో పెట్టుకుని, గెలిచిన దానిలా సందులోంచి బయటికొచ్చాను.

అన్నయ్య పక్కన ఇద్దరు కాదు, ముగ్గురు నిలబడి ఉన్నారు. మూడోవాడు సూరిబాబు, కోటబొమ్మాళి నుంచి రైల్లో వచ్చిన స్నేహితుడు. అన్నయ్య టికెట్లు నాలుగూ తీసుకుని, నా మొహం చూడకుండా అన్నాడు.

"ఒలే పైడీ, సూరిగాడు అంత దూరం నుంచి రైలెక్కి వచ్చాడే. నువ్వు ఊల్లోదానివే కదా, ఎప్పుడైనా సూడొచ్చు. ఇంటికెల్లిపో."

"నాను తీసిన టిక్కట్టు అన్నియ్యా. అమ్మతోడన్నావు."

"మగోల్ల ఆటే అది. ఈలలేత్తారు, సొక్కాలిప్పుతారు. నిన్ను ఎక్కడ కూకోబెట్టమంటావు? ఎల్లెల్లు, అమ్మ సూత్తాది."

సూరిబాబు నా వైపు చూసి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు, పాపం అన్నట్టుగా కూడా కాదు, థాంక్స్ చెప్పినట్టుగా. అన్నయ్య నా చంకలోని సంచి కూడా లాక్కున్నాడు. గేటు తోసుకుంటూ నలుగురూ లోపలికి పోయారు.

ఇంటికి వెళ్లలేదు. హాలు చుట్టూ తిరిగి వెనక గోడ దగ్గరికి వెళ్లాను, మూత్రపు కంపు కొట్టే చోటు, పైన గాలి బయటికి తోసే పెద్ద ఫ్యాను. సినిమా మొదలైంది. గోడలోంచి మాటలు రావు, పాట కూడా సరిగా రాదు, అడుగున మోగే దరువు మాత్రమే ఇటుకల్లోంచి వచ్చి అరచేతికి తగులుతుంది. ఆ దరువును పట్టుకుని ఏ పాటో, ఏ చరణమో పోల్చుకుని, మిగతాదంతా నేనే లోపల పాడుకున్నాను. కాసేపటికి లోపల్నుంచి గోడ కూలుతుందా అన్నంత కేక లేచింది. హీరో వచ్చాడన్నమాట. నా సంచి విప్పారన్నమాట. నా చున్నీ నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు. భయంతోనో బాధతోనో కాదు, కోపంతోనే ఏడ్చాను, ఆ తేడా నాకు ఆ రోజే బాగా తెలుసు.

గేటు దగ్గర మురీ మిక్చరు అమ్మే అప్పలనర్సమ్మ చేతులు కడుక్కోవడానికి అటు వచ్చి నన్ను చూసింది.

"ఏటే గుంటా, సోకు సేసుకుని ఈ కంపులో నిలబడ్డావు? సిన్మాకెల్లనేదా?"

"మా అన్నియ్య ఎల్లాడు."

"మా ఇంట్లోనూ అంతేనే," అని చేతులు కడుక్కుని వెళ్లిపోయింది.

రెండో వారం అమ్మ, పక్కింటి పిన్ని, నేను మధ్యాహ్నం ఆటకి వెళ్లాం. ఫ్యాన్లు చప్పుడు చేస్తున్నాయి, సగం కుర్చీలు ఖాళీ, హీరో వచ్చినప్పుడు పిన్ని బత్తాయి ఒలుస్తోంది, నేను ఎదురుచూసిన డప్పు మోగుతున్నప్పుడు అమ్మ నిద్రపోతోంది. పాట గొప్పగానే ఉంది, నేను అబద్ధం చెప్పను, రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అయినా ఎవరూ లేవలేదు, ఒక్కదాన్నే లేస్తే అమ్మ కూర్చోబెట్టేది. ఇంటర్వెల్లులో లైట్లు వెలిగాక చెప్పులు వెతుక్కుంటుంటే, కుర్చీ కాలికి ఇరుక్కున్న కాగితపు ముక్క ఒకటి కనిపించింది. నా చేతిరాతే. సాంఘికశాస్త్రం నోట్సులోది, సగం అక్షరాలు తెగిపోయి, తొక్కి తొక్కి నల్లబడింది. నేను చూడని ఆట అది చూసింది. దాన్ని తీసి నలిపి, ఎంత దూరం పడితే అంత దూరం విసిరేశాను.

ఇప్పుడు ఆ హాలు లేదు. పోయినేడు పడగొట్టి బట్టల షాపు కడుతున్నారు. లైన్లు లేవు, కటకటాలు లేవు, కాగితాలు చింపే ఆడపిల్లలు లేరు, అరుగుల మీద పాటలు లేవు, మిల్లు కూడా మూతపడింది. టికెట్టు ఫోనులోకి వస్తుంది, కావాలంటే నా అంతట నేను మొదటి ఆటకి వెళ్లగలను, వెళ్తున్నాను కూడా, ఈల వేయడం కూడా నేర్చుకున్నాను. హాలు పడగొట్టిన రోజున అభిమాన సంఘంవాళ్లు ఇటుకలు ఇళ్లకి పట్టుకెళ్లారట. ఆపరేటరుకి శాలువా కప్పారు, సైకిలు స్టాండు ముసలాయనతో ఫొటోలు దిగారు. ఆడవాళ్ల లైను గురించి ఒక్కరూ ఒక్క ముక్క అనలేదు.

మొన్న ఆదివారం అన్నయ్య ఇంట్లో భోజనాలు. సూరిబాబు కూడా వచ్చాడు, ఇద్దరికీ అప్పుడే బట్టతల, పొట్టలు. ఆ సినిమాని మళ్లీ హాళ్లలో వేస్తున్నారని మాట వచ్చింది, దాంతో అన్నయ్య కళ్లు వెలిగిపోయి, వదినకి ఆ దసరా కథంతా చెప్పడం మొదలుపెట్టాడు. డప్పులు, దండ, పాలు, కేకలు, ఏదీ వదలలేదు. చెప్పి చెప్పి, నా వైపు తిరిగి ప్రేమగా అన్నాడు.

"పైడి నా పక్కనే కూకుంది. సంచెడు కాయితాలు అదే ఇసిరింది. గెంతులేసింది, అడుగు."

అమ్మ ముద్ద కలుపుతూ, "ఎల్లిందెల్లింది, పసుపు డ్రెస్సేసుకుని ఎల్లింది," అంది. ఆ రోజు నా సీట్లో కూర్చున్న సూరిబాబు కూడా తలూపాడు.

వాళ్లెవరూ అబద్ధమాడడం లేదు. మొహాలు చూస్తే తెలుస్తోంది. టికెట్టు లాక్కున్న సంగతి వాళ్లలో ఎక్కడా మిగల్లేదు, మర్చిపోయి, ఆ ఖాళీలో నన్ను తీసుకొచ్చి కూర్చోబెట్టి, నాకు మంచి చేశామనుకుంటున్నారు. ఆ రోజు గేటు దగ్గర కూడా నాకింత కోపం రాలేదు.

"నాను రానేదు," అన్నాను.

"ఊరుకోయే, వచ్చావు."

"రానేదు అన్నియ్యా. సూరిబాబూ, ఆ కుర్చీలో కూకున్నది నువ్వు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్నయ్య నవ్వబోయి ఆగాడు. వదిన చేతిలో చారు గరిటె అలాగే పట్టుకుని నన్నే చూస్తోంది.

"మరి నువ్వెక్కడున్నావు పైడీ?" అని అడిగింది.

ఇన్నేళ్లలో ఆ మాట నన్ను మా ఇంట్లో ఎవరూ అడగలేదు. చెప్పాను, గోడ వెనక కంపుతో సహా, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి నా టికెట్టు వెళ్లిందో దానితో సహా, గొంతు తగ్గించకుండా చెప్పాను.