మందుకు చావని పురుగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికి మోషన్లు పట్టుకున్నా డాక్టరు దాకా పోయేవాళ్లం కాదు. మా తాత ఆర్మూర్ బజారులోని మందుల షాపు నుంచి గోలీలు పట్టుకొచ్చేవాడు. ఒకటి రెండు వేసుకుని కాస్త నెమ్మదించగానే ఆపేసేవాళ్లం. మిగిలినవి గూట్లో ఉండేవి, ఇంకొకరికి పనికొస్తాయని. పసుపు ఉడకబెట్టే రోజుల్లో కూలికి వచ్చినవాళ్లకూ తాత వాటినే ఇచ్చేవాడు. అడిగినవాళ్లకు లేదనడం ఆయనకు తెలియదు.

ఒక ఎండాకాలం మా తమ్ముడికి రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. వాడింకా బడికి పోయే వయసు కూడా కాదు. తాత ఎప్పటి గోలీలే వేశాడు. తగ్గలేదు. షాపతను ఇంకో రకం ఇచ్చాడు. దానికీ తగ్గలేదు. వాడి కళ్లు లోతుకు పోయాయి, ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు. అమ్మ వాడిని భుజాన వేసుకుంది. తాత నన్ను వెంటబెట్టుకున్నాడు. అందరం బస్సెక్కి నిజామాబాద్ దవాఖానకు పోయాం.

అక్కడ సెలైన్ పెట్టారు, మలం పరీక్షకు పంపారు. ఫలితం వచ్చాక డాక్టరమ్మ తాతను పిలిచింది. తిడుతుందనుకున్నాడేమో, తాత తలకు చుట్టిన తువ్వాల తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె తిట్టలేదు. కుర్చీ చూపించి, ఏం పంట వేస్తావని అడిగింది.

"పసుపు, మక్క. జరంత వంకాయ," అన్నాడు తాత.

"వంకాయ పురుగుకు ఎప్పటి మందే పనిచేస్తదా?"

"ఏడ పనిచేస్తదమ్మా. ఏటేటా మందు మారుస్తనే ఉన్నం. తట్టుకున్న పురుగే మల్ల పిల్లలు పెడ్తది."

"కడుపుల క్రిమి గూడ గంతే తాతా. అక్కర లేనప్పుడు గోలీలు వేసుకుంటం, సగంల ఆపుతం. తట్టుకున్నదే మిగిలి పెరుగుతది. మీ పిలగానికి పట్టింది గసుంటిదే. ఇంజెక్షన్ ఇస్తున్నం. దీనికి తగ్గుతది."

"రేపు గిది గూడ పనిచేయకుంటే?" అన్నాడు తాత.

డాక్టరమ్మ లేచి తమ్ముడి మంచం దగ్గరికి పోయి సెలైన్ సీసా చూసింది.

తమ్ముడు బతికాడు. పక్క మంచం మీద పోచంపాడ్ నుంచి వచ్చిన పాప బతకలేదు. ఆ తల్లి కూడా మాలాగే గోలీలు మార్చి మార్చి వేసి, ఆలస్యంగా తీసుకొచ్చిందట. ఆమె ఏడుపు వినలేక తాత వరండాలోకి పోయి కూర్చున్నాడు. "గా గోలీలు నేనెంతమందికి ఇచ్చిన బిడ్డా," అన్నాడు అమ్మతో. అమ్మ ఆయన పక్కన కూర్చుంది.

ఆ తర్వాత కూలీలు కడుపు పట్టుకుని వస్తే తాత ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించేవాడు. రక్తం పడుతోందంటే మాత్రం దగ్గరుండి బస్సెక్కించి దవాఖానకు పంపేవాడు. గోలీ ఇవ్వడానికి కూడా ముసలాయనకు చెయ్యి రావడం లేదని కొందరు అన్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది. అయినా ఎవరితోనూ వాదించలేదు.

ఇప్పుడు నాకూ పిల్లలున్నారు. వాళ్లకు మోషన్లయితే ముందు నీళ్లే కలుపుతాను. డాక్టరు గోలీలు రాస్తే, దీనికి ఇవి అవసరమేనా అని అడుగుతాను. రాసినన్ని రోజులూ వేస్తాను. నేనడిగితే కొందరు విసుక్కుంటారు, కొందరు ఓపిగ్గా చెబుతారు. ఆ రోజు తాత డాక్టరమ్మను అడిగింది మాత్రం నేనింతవరకు ఎవరినీ అడగలేదు. జ్వరంతో పిల్లల ఒళ్లు కాలిన ప్రతిసారీ అది నోటి దాకా వస్తుంది. జవాబు వినడానికి భయమేసి ఊరుకుంటాను.